మందూ మాత్రా లేకుండా

“ఒకటి!”

బొటనవేలితో రేకులోంచి బిళ్లను వొత్తి తీసి, విమలమ్మ దాన్ని వాకిలి ముందరి మురికి కాలువలోకి విసిరింది.

“రెండు! మూడు!”

శాలేము రాజు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఉన్నాడు. ఖాకీ ప్యాంటు మీద బనియను, కాళ్లకు మేజోళ్లు. డ్యూటీ దిగి గంటయినా ఆ మేజోళ్లు విప్పలేదు. తన చొక్కా ఉతకబోయి జేబులో దొరికిన సరుకును పెళ్లాం ఒక్కొక్కటే కాలువపాలు చేస్తుంటే, ఆ జేబు ఎవరిదో అన్నట్టు ఎదురింటి గోడకేసి చూస్తున్నాడు.

“మాట్లాడవేంది? నాలుగు! నోట్లో ఇంకోటి పెట్టుకోనుండావా?”

“అరవద్దు మే. వీధిలో మనుషులుండారు.”

“ఉండనీ! నాకు తప్ప వీధిలో అందరికీ తెలుసు. మూడు వారాల కిందట మన మందిరం రోజా ఫోన్ చేసి, ‘అక్కా, బ్రదర్ బస్సులో ఏందో నమలతాండాడే’ అంటే నేనేం చెప్పినాను? సోపు గింజలు అన్నాను. నువ్వు చెప్పింది నమ్మి అన్నాను. నాతో అబద్ధం ఆడించినావు కదప్పా! ఐదు!”

“అది మందు.”

“మందా? దీని మీద రాసిండేది సదువు. తొమ్మిదో తరగతి దాకా సదివినదాన్నే నేను. నికోటిన్! బీడీలో ఉండే విషం పేరు అదే కదా? ఆసుపత్రి గోడ మీద బొమ్మేసి మరీ రాసిండారు. బీడీ పారేసి బీడీలో విషాన్ని నమలతాండావు. పొగ ఒక్కటే తక్కువ. ఆరు!”

అడిగింది తప్పు ప్రశ్నేమీ కాదు. బాగా చదువుకున్నవాళ్లూ అడిగే ప్రశ్నే. కాకపోతే ప్రశ్న అడిగిన మనిషి జవాబు కోసం రవంత ఆగాలి. విమలమ్మ ఆగే రకం కాదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది అని వరసగా వొత్తేసి, ఖాళీ అట్టను మొగుడి ఒళ్లోకి గిరాటు వేసింది.

శాలేము రాజు ఎడమ కాలి చిటికెన వేలు తీసేసి మూడు నెలలయింది. అసలే షుగరు. దానికి పాతికేళ్ల బీడీ తోడై కాలికి రక్తం పారే దారులు మూసుకుపోయాయని డాక్టరు చెప్పాడు. ఇంక బీడీ ముట్టిస్తే వేలుతో ఆగదు, పాదమే తీసేయాల్సి వస్తుందని విమలమ్మ ముందరే చెప్పాడు. ఎడమ పాదం పోతే క్లచ్ తొక్కేదెలా? క్లచ్ తొక్కలేని డ్రైవరును డిపోలో ఎవరు ఉంచుకుంటారు? మదనపల్లె నుంచి కుప్పానికి, కుప్పం నుంచి మదనపల్లెకు ఇరవై ఆరేళ్లుగా బస్సు తోలిన మనిషికి వేరే పని ఏం తెలుసు?

అందుకే విమలమ్మ ప్రార్థనకు కూర్చుంది. ఉపవాసాలుండి మోకాళ్లు కాయలు కాచేలా ప్రార్థించింది. కొన్నాళ్లకు మొగుడి దగ్గర బీడీ వాసన రావడం ఆగిపోయింది. ఇంకేం! ఐదు వారాల కిందట పుంగనూరు ప్రార్థన కూటంలో మైకు పట్టుకుని నిలబడి సాక్ష్యం చెప్పింది. “మందూ మాత్రా లేకుండా, ఒక్క ప్రార్థనతో నా భర్త నోట్లోంచి ప్రభువు బీడీ తీసేసినాడు” అన్నది. మందిరమంతా స్తోత్రం స్తోత్రం అని మారుమోగింది. ఆ దినం నుంచి తాగుబోతు మొగుళ్లున్న ఆడవాళ్లంతా విమలమ్మ ఇంటికి రావడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఎల్లుండి ఆదివారం అదే పుంగనూరులో శాలేము రాజే స్వయంగా లేచి సాక్ష్యం చెప్పాలి. జయచంద్ర పాస్టరు కరపత్రంలో ఆయన పేరు అచ్చు వేయించాడు.

“ఎల్లుండి ఏం మొహం పెట్టుకోని నిలబడతావు?” అంది విమలమ్మ. “మా నాయన సుబ్బయ్య దినానికి రెండు కట్టలు తాగే మనిషి. కూటంలో ఒక్క వాక్యం విని, కట్ట తీసి మంటలో ఏసినాడు. చచ్చేదాకా ముట్లేదు. ఆయనకెవరన్నా గమ్ములిచ్చినారా? బిళ్లలిచ్చినారా?”

“మీ నాయన మనిషి వేరే.”

“దేవుడు కూడా వేరేనా?”

శాలేము రాజు ఖాళీ అట్టను నాలుగు మడతలు పెట్టాడు.

అంతలో స్కూటీ వచ్చి వాకిట్లో ఆగింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు క్రిస్టినా డ్యూటీ దిగి వచ్చింది. హెల్మెట్ తీయకముందే తండ్రి చేతిలోని అట్టనూ, తల్లి మొహాన్నీ, కాలువలో తేలుతున్న తెల్ల బిళ్లలనూ చూసేసింది.

“అమ్మా! ఏం పని చేసినావు?”

“నన్నడుగుతావేంది? మీ నాయన్ని అడుగు. ఎవురు తెచ్చిచ్చినారో అడుగు.”

“నేనే తెచ్చిచ్చినా.”

మొగుడి దొంగతనం ఒక ఎత్తు. కడుపున పుట్టిన బిడ్డ ఆ దొంగతనంలో భాగస్తురాలని తేలడం ఇంకో ఎత్తు. విమలమ్మ పక్కనున్న ఖాకీ చొక్కాను అందుకుని బకెట్లోకి విసిరికొట్టింది.

“నువ్వా! ఇంట్లో నేను ఉపవాసముండి ఏడస్తాంటే, మీరిద్దరూ నా వెనక ఈ నాటకం ఆడతాండారా?”

“నాటకం కాదమ్మా. నాయన ఒట్టి చేతుల్తో ఎన్నిసార్లు మానినాడు? నాలుగు సార్లు. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసినప్పుడు మూడు దినాలు. బైబిలు మీద పెట్టినప్పుడు ఐదు దినాలు. మనిషిది తప్పు కాదు, ఒళ్లు అలవాటు పడిపోయుండాది. ఉన్నట్టుండి నిలిపేస్తే తల పగిలిపోతుంది, చేతులు వణకతాయి. స్టీరింగు పట్టుకోవాల కదా ఆ చేతుల్తో?”

“దానికి విషం పెడతావా?”

“బీడీలో చంపేది పొగ. అందులో ఉండే చెత్తంతా ఇందులో లేదు. కొంచెం కొంచెం ఇచ్చి, తగ్గించుకుంటా వచ్చి, మూడు నెలలకు ఆపేస్తారు. డాక్టరు అన్నీ చూసే రాసిచ్చినాడు. మాత్రలుండాయి, తల తిరిగితే బండి తోలే మనిషికి ప్రమాదం అన్నాడు. ఒంటికి అంటించే పట్టీ ఉండాది, ఇంజను పక్కన ఆ చెమటకు ఒక గంట కూడా నిలవలేదు. అందుకే గమ్ము. నమిలి, బుగ్గన పెట్టుకోని, మళ్లీ నమిలి, అర్ధగంట. అంతే.”

“అంతే! నాకు చెప్పేదానికి మాత్రం నోరు రాలేదు.”

“చెప్తే ఏం చేసిండేదానివి? ఈ పొద్దు చేసిన పనే ఆ పొద్దు చేసిండేదానివి.”

చెంపదెబ్బ కొట్టాలన్నంత కోపం వచ్చింది విమలమ్మకు. పాతికేళ్ల పిల్లను, అందులోనూ యూనిఫారంలో ఉన్న పిల్లను ఎలా కొడుతుంది? కొట్టలేక అరిచింది.

“నా నోటితో నేను సాక్ష్యం చెప్పినానే! మందూ మాత్రా లేకుండా అని వెయ్యి మంది ముందర చెప్పినానే! ఆ పొద్దు నువ్వు నా పక్కనే కూర్చోనుండావు. నోరు మూసుకోని ఎట్ల కూర్చున్నావు?”

ఈసారి క్రిస్టినా తల దించుకుంది. ఔను, కూర్చుంది. తల్లి మొహంలో అంత సంతోషం ఎప్పుడూ చూడలేదు కాబట్టి కూర్చుంది. ఆ మాట బయటికి చెప్పలేదు. కాలువ పక్కన గొంతు కూర్చుని బిళ్లలకేసి చూసింది.

“ఎన్ని పారేసినావు?”

“తొమ్మిది. లెక్కపెట్టే పారేసినా.”

“తొమ్మిదా?”

క్రిస్టినా లేచి తండ్రి చేతిలోని అట్ట తీసుకుని మడతలు విప్పి చూసింది. పది గుంటలు. వెనక నీలం పెన్నుతో తనే వేసిన తేదీ.

“నాయనా, ఇది పోయిన నెల నేనిచ్చిన అట్ట. రెండు దినాలకు కూడా సాలదు ఇది. ఇందులో ఇంకా తొమ్మిది ఎట్ల మిగిలినాయి?”

శాలేము రాజు కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు.

“నాకు నిద్రొస్తాండాది” అన్నాడు.

“నాయనా! కాలు సూపించు. కట్టు మార్పించుకున్నావా ఈ వారం?”

“డిపో డిస్పెన్సరీలో సూపించినా. బాగుండాది.”

లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సాయంత్రం సంగటి గెలికి, చెనక్కాయల ఊరిబిండి నూరి, మూడు తట్టల్లో పెట్టింది విమలమ్మ. ముగ్గురూ తిన్నారు. ఉప్పు ఎక్కువైందని కూడా ఎవరూ అనలేదు.

తొమ్మిది ఎట్ల మిగిలినాయి? అంట్లు తోముతూ కూడా విమలమ్మకు అదే మాట చెవుల్లో తిరిగింది. బిళ్లా నమలక, బీడీ వాసనా రాక, మరి ఈ మనిషి ఏం చేస్తున్నట్టు? నిజంగానే తన ప్రార్థన ఫలించిందా? ఫలిస్తే ఆ తలుపు ఎందుకు వేసుకున్నట్టు?

శనివారం పొద్దున్నే శాలేము రాజు డిపోకు వెళ్లిన పావుగంటకు విమలమ్మ కొంగు తలమీద కప్పుకుని బస్టాండుకు నడిచింది. బస్సు కదిలే ముందు వెనక తలుపునుంచి ఎక్కి, చివరి సీట్లో సర్దుకుంది. ఆధారు కార్డు చాపగానే కండక్టరు యువరాజ్ ఉలిక్కిపడ్డాడు.

“అక్కా, మీరా? అణ్ణకు చెప్పేదా?”

“చెప్పినావంటే నీ సంగతి చెప్తా. గమ్మున టికెట్ కొట్టు. కుప్పం.”

ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు కొట్టిచ్చి, యువరాజ్ మళ్లీ ఆ వైపు చూడలేదు.

పుంగనూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. విమలమ్మ కిటికీలోంచి మెడ సాచి కాపు కాసింది. శాలేము రాజు సీటు దిగలేదు. యువరాజ్ తెచ్చిచ్చిన టీ తాగి, గ్లాసు ఇచ్చేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కోపంతో వచ్చిన మనిషికి తప్పు దొరక్కపోతే ఎంత కష్టమో ఆమె మొహం చూస్తే తెలిసేది.

అక్కడే రోజా ఎక్కింది. తెల్లచీర, చేతిసంచి, సంచిలో బైబిలు. కుప్పంలో చెల్లెలింటికి పోతోంది కాబోలు. ఎక్కీ ఎక్కగానే డ్రైవరు దగ్గరికి పోయి నిలబడింది.

“వందనాలు బ్రదర్! రేపు మీ సాక్ష్యం కోసం మేమంతా కాచుకోనుండాము.”

“వందనాలమ్మా.”

“బాగుండారా బ్రదర్? శోధనలేమీ లేవు కదా?”

అడుగుతూనే ముందుకు వంగి ఆయన నోటికేసి చూసింది. దవడ ఆడుతోందా లేదా అని చూసింది. శాలేము రాజు నోరు మూసుకుని తల అడ్డంగా ఆడించాడు. రోజా తృప్తిగా ముందు సీట్లో కూర్చుంది. కూర్చుని కూడా పైనున్న అద్దంలోంచి ఆ నోటినే చూస్తోంది.

విమలమ్మకు ఎందుకో ఒళ్లు మండింది. నా మొగుడి నోరు నీకెందుకమ్మా అని అడగాలనిపించింది. మరుక్షణమే, ఆ నోటిని వెయ్యి మందికి చూపించింది ఎవరో గుర్తొచ్చి సీట్లోనే ముడుచుకుంది.

పలమనేరులో సగం బస్సు ఖాళీ అయింది. విమలమ్మ మూడో వరస దాకా జరిగింది. అక్కడినుంచి డ్రైవరు కాళ్లు కనిపిస్తాయి. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా శాలేము రాజు ఎడమ చేత్తో తన మోకాలిని పట్టుకుని కిందికి నొక్కుతున్నాడు. నొక్కి, గబుక్కున అదే చేత్తో గేరు రాడ్డు అందుకుంటున్నాడు. రాడ్డు ఒకసారి పడుతోంది, ఒకసారి కీచుమంటోంది.

“ఏందన్నా, ఈ పొద్దు బండి ఇట్ల ఏడస్తాండాది?” అని ఎవరో అరిచారు.

ఎవరికీ తెలియదు. మోకాలిని చేత్తో నొక్కి క్లచ్ వేస్తున్న డ్రైవరు బస్సులో అందరం కూర్చున్నామని ఆమె ఒక్కతికే తెలుసు. కుప్పం వచ్చేదాకా ముందు సీటు కడ్డీని వదల్లేదు.

కుప్పం బస్టాండులో జనం దిగిపోయాక శాలేము రాజు దిగాడు. అటూ ఇటూ చూశాడు. రోజా సంచి సర్దుకుంటూ ఇంకా మెట్ల దగ్గరే ఉంది. ఆమెకు కనిపించకుండా బస్సు వెనక నుంచి తిరిగి, గోవిందప్ప టీ అంగడి పక్క సందులోకి కుంటుకుంటూ పోయాడు. విమలమ్మ వెంట పడింది.

గోవిందప్ప ఏమీ అడగలేదు. అలవాటు ప్రకారం ఒక బీడీ, అగ్గిపెట్టె చేయి చాపి ఇచ్చాడు. శాలేము రాజు గోడకు ఆనుకుని వెలిగించాడు. కళ్లు మూసుకుని ఒక దమ్ము పీల్చాడు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా పెళ్లాం ఉంది.

“పీల్చు” అంది విమలమ్మ. “ఆపుతావేంది? పూర్తిగా పీల్చు. నేను సూస్తా.”

బీడీ ఆయన చేతిలోంచి జారి కింద పడింది.

“నేను ఉపవాసాలుండింది దీనికేనా? నీ పాదం కోసం నేను అన్నం మానేస్తే, నువ్వు బీడీ మానలేకపోయినావా? ఇన్ని అబద్ధాలా? ఇంట్లో అబద్ధం, ఆసుపత్రిలో అబద్ధం, దేవుని దగ్గర అబద్ధం! నీకు సిగ్గుండాదా అప్పా?”

“అక్కా, రవంత నిదానం” అన్నాడు గోవిందప్ప. “అణ్ణ రెండు నెలలు నా అంగడి దిక్కే రాలేదక్కా. ఏదో బిళ్ల నమలతా, ‘గోవిందప్పా, నీ బేరం పోయింది పో’ అని ఎగతాళి చేస్తాండె. ఈ మూడు వారాలే...”

“నువ్వు మూసుకో! అమ్మేవాడివి నువ్వే కదా!”

“అతన్ని యాల తిడతావు?” అన్నాడు శాలేము రాజు.

గొంతు మెల్లిగానే ఉంది. విమలమ్మ వినిపించుకోలేదు.

“తిడతా! అందరినీ తిడతా! నా సాక్ష్యాన్ని...”

“నీ సాక్ష్యం!”

ఆ అరుపుకు బస్టాండులో నలుగురు తిరిగి చూశారు. ముప్పై ఏళ్ల కాపురంలో విమలమ్మ ఆ గొంతు వినలేదు.

“మందూ మాత్రా లేకుండా అని నిన్ను ఎవురు చెప్పమన్నారు? నేను చెప్పమన్నానా? నన్ను అడిగినావా? ప్రార్థన చేసినావు, మంచిది. దేవుడు విన్నాడు, మంచిది. ఆ రెండు ముక్కలు ఎందుకు కలిపినావు? అవి కలపకుండా ఉండింటే, నేను ఈ పొద్దు దర్జాగా బిళ్ల నమలతా కూర్చోనుందును!”

“నువ్వు నాతో చెప్పింటే...”

“ఎట్ల చెప్పేది? సాక్ష్యం అయిపోయినాక ఎట్ల చెప్పేది? బస్సెక్కే ప్రతి విశ్వాసీ నా నోరే సూస్తాండారు. అద్దంలో నాకు కనిపిస్తాండారు. ఆ రోజా అడిగింది, ‘బ్రదర్, నోట్లో ఏంది’ అని. ఆ పొద్దే బిళ్ల ఊసేసినా. అర్ధగంట నమలాల దాన్ని. యాడ దాచుకొనేది? బీడీ అయితే ఐదు నిమిషాలు. ఈ సందులో ఎవురూ సూడరు. తాగి, నోరు కడుక్కోని, లవంగం కొరుక్కోని ఇంటికొస్తాండా.” ఊపిరి ఆడక ఆగాడు. “నీ సాక్ష్యం నిలబెట్టేదానికి బీడీ తాగినా విమలా! అర్థమైందా?”

విమలమ్మ నోరు తెరిచింది. ఇరవై ఏళ్లుగా ఏ కూటంలోనూ మాట తడుముకోని మనిషి సందులో టీ గ్లాసుల పక్కన మూగదానిలా నిలబడిపోయింది.

అప్పుడు యువరాజ్ విజిల్ వినిపించింది. మదనపల్లె ట్రిప్పుకు టైమైంది. శాలేము రాజు గోడను వదిలి ఒక అడుగు వేశాడు. రెండో అడుగుకు ఎడమ కాలు మడతపడింది. గోవిందప్ప పట్టుకోకపోతే కాగుతున్న పాల గిన్నె మీద పడేవాడే.

“మేజోడు విప్పు” అంది విమలమ్మ.

“బండికి టైమైంది.”

“విప్పు అంటాండా.”

“యాభై మంది కూర్చోనుండారు మే. ఇంటికి పోయినాక...”

“యాభై మందిని ఆ కాలుతో తీసుకోని పోతావా? మోకాలిని చేత్తో నొక్కతా పోతావా? సూసినా నేను. మూడో సీట్లో కూర్చోని అంతా సూసినా.”

శాలేము రాజు గోవిందప్ప వేసిన స్టూలు మీద కూర్చున్నాడు. విమలమ్మ నేల మీద కూర్చుని బూటు లాగి, మేజోడు అంచు పట్టుకుని మెల్లిగా దించింది. వాసన ముందు వచ్చింది. గోవిందప్ప మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చిటికెన వేలు ఉండాల్సిన చోటు కాదు. దాని పక్క వేలు. నల్లగా మాడిపోయి ఉంది.

“నొప్పి లేదా?”

“మొదట్లో ఉండె. ఇప్పుడు తెలీలేదు.”

విమలమ్మ ఫోన్ నొక్కింది. నిన్నటినుంచి మాట్లాడని కూతురు ఒక్క రింగుకే ఎత్తింది.

“పాపా, మీ నాయన వేలు నల్లగా అయిపోయింది.”

అటువైపు ఆసుపత్రి శబ్దాలు. క్రిస్టినా మాత్రం మాట్లాడలేదు. ఎప్పుడూ జవాబు సిద్ధంగా పెట్టుకునే పిల్ల అంతసేపు ఊరుకోవడం విమలమ్మకు భయం పుట్టించింది.

“వింటాండావా?”

“వింటాండా. బండి తోలనియ్యద్దు. మదనపల్లె దాకా వద్దు, మూడు గంటలు పడుతుంది. ఆడే కుప్పంలో పెద్దాసుపత్రికి ఇప్పుడే తీసుకోని పో. నేను బయల్దేరతాండా.” మళ్లీ ఆగింది. “బీడీ తాగతాండాడా అమ్మా?”

“ఊఁ.”

“ఇంక ఒక్కటి కూడా వద్దు. ఆపరేషను చేసినా చెయ్యకపోయినా వద్దు. భయానికి తాగాలనే అనిపిస్తుంది ఆయనకు. బిళ్ల ఇయ్యి.”

విమలమ్మ కళ్ల ముందు మురికి కాలువ కనిపించింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టిన తన గొంతు వినిపించింది. ఫోన్ పెట్టేసి, పమిట బిగించుకుని లేచింది.

డ్రైవరు రాలేడని తెలిసి బస్సు దగ్గర గోల మొదలైంది. వేరే డ్రైవరు కోసం యువరాజ్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు, జనం అతన్ని తిడుతున్నారు. బస్టాండు ఎదురుగా మందుల అంగడి ఉంది. విమలమ్మ రోడ్డు దాటి అంగడి బల్ల ముందు నిలబడేసరికి పక్కనే తెల్లచీర.

“అక్కా! నువ్వెప్పుడొచ్చినావు? బ్రదర్‌కు ఏమైంది?” అంది రోజా. “రేపు కూటానికి వస్తాడు కదా?”

విమలమ్మ ఆమెకేసి చూడలేదు.

“అప్పా, బీడీ మానేదానికి నమిలే గమ్ము ఉంటుందే, నికోటిన్‌ది, అది ఉండాదా?”

“ఉండాదమ్మా. ఎవురికి?”

“మా ఆయనకి.”

రోజా చేతిసంచి మరో చేతికి మార్చుకుంది. “అదేందక్కా? నువ్వు మందూ మాత్రా లేకుండా అని సాక్ష్యం...”

“అబద్ధం” అంది విమలమ్మ. అంగడిలో ఉన్న ముగ్గురూ వినేలా అంది. “ఆ మాట నేను కల్పించి చెప్పినా. ఆయన చెప్పమన్లేదు, దేవుడు చెప్పమన్లేదు. రెండు నెలలు ఈ బిళ్ల నమిలే మానినాడు. నువ్వు నోరు తొంగి సూసి, నేను మైకులో అరిచి, మనిద్దరం కలిసి మళ్లీ బీడీ పట్టించినాము. పోయి పాస్టరుకు ఫోన్ చేసుకో. రేపు కూటంలో ఇదే మాట నేను చెప్తానని కూడా చెప్పు.”

“అక్కా, నేను మంచికే...”

“నేను కూడా మంచికే చెప్పినా రోజా. పక్కకు జరుగు.”

అట్ట తీసుకుని రోడ్డు దాటింది. గోవిందప్ప అప్పటికే ఆటో పిలిచి, శాలేము రాజును ఎత్తి కూర్చోబెట్టాడు. విమలమ్మ ఎక్కి, మేజోడు లేని పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుంది. ఒక బిళ్ల వొత్తి తీసి మొగుడి ముందుకు చాపింది.

శాలేము రాజు దాన్ని చూశాడు. రోడ్డు అవతల నిలబడి చూస్తున్న రోజాను చూశాడు.

“అందరి ముందరా?”

“అందరి ముందరే. నమలు.”

నోట్లో వేసుకున్నాడు. ఆటో కదిలింది.

“మెల్లిగా నమలు. బుగ్గన పెట్టుకో.”

“తెలుసులే” అన్నాడు విసుగ్గా. “నన్ను అడక్కుండా పారేసి, ఇప్పుడు నాకే నేర్పిస్తాండావు.”

విమలమ్మ తల వంచి పాదాన్నే చూస్తూ కూర్చుంది. సందులో నీడలో సరిగ్గా కనిపించనిది ఇక్కడ ఎండలో కనిపిస్తోంది.

“నిన్న యాడిదాకా ఉండె ఇది?”

శాలేము రాజు నమలడం ఆపాడు.

“నిన్నే అడిగేది. నిన్న పొద్దున మేజోడు వేసుకున్నప్పుడు యాడిదాకా ఉండె?”

ఆయన వంగి, చూపుడు వేలు గోరుతో ఆ నల్ల వేలి మధ్య కణుపు దగ్గర ఒక గీత గీసి చూపించాడు.

విమలమ్మ ఆ గీతను చూసింది. తర్వాత నలుపు ఎక్కడికి వచ్చిందో చూసింది. వేలు దాటి, పాదం మీదికి రెండు అంగుళాలు పైకి వచ్చేసింది.

“ఆటో అప్పా,” అంది, “బిన్నా పోనీ, యాడా ఆపద్దు.”